ఎవరి ముంగిట అంగన్‌వాడీ?

‘అంగన్’ అంటే ముంగిలి. అర్ధ శతాబ్దంగా ఆ మాటను పలుకుతున్నాం గాని, అది ఎవరి ముంగిలి అన్న ప్రశ్నను మాత్రం వేసుకోలేదు. మహారాష్ట్ర సముద్ర తీరంలోని బోర్డీ గ్రామంలో 1945లో తారాబాయి మోదక్, ఆమె సహచరి అనుతాయి వాఘ్ పల్లె పిల్లల కోసం బాలవాడీని ప్రారంభించారు. ఆ బాలవాడీకి హరిజనవాడ పిల్లలు రాలేదు. లోపం పిల్లల్లో గాని వాళ్ల తల్లుల్లో గాని లేదని, బడి ఉన్న చోటులోనే ఉందని ఆ ఇద్దరు ఉపాధ్యాయినులు గ్రహించారు. బడినే వాడకు తీసుకెళ్లి, ఇళ్ల ముంగిళ్లలో పిల్లలను కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పారు. తర్వాత కోస్‌బాడ్‌లో, పశువులు కాసే ఆదివాసీ పిల్లల కోసం బీళ్లలోనే బడి నడిపారు. అంగన్‌వాడీ అన్న ఆలోచన ఆ ముంగిళ్లలో పుట్టింది. పిల్లవాడు బడికి రాలేకపోతే బడే పిల్లవాడి దగ్గరకు వెళ్లాలన్నది దాని మూలసూత్రం. ఊరికీ వాడకూ నడుమ ఉన్న గీతను దాటడం దాని మొదటి పని.

1975 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని మొదలుపెట్టినప్పుడు ఆ పేరును స్వీకరించింది. ఆ సూత్రాన్ని స్వీకరించిందా? ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. శిశు వికాసం మీద పరిశోధనలు, శిక్షణ పుస్తకాలు, ఫోన్ యాప్‌లు ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి. మెదడు గురించి, బరువు గురించి, ఎత్తు గురించి ఇంతగా మాట్లాడే ఈ విజ్ఞానం, ఆరేళ్లు నిండకముందే పిల్లవాడి బతుకును గీతలు గీసి విభజించే కులం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు గొంతు తగ్గిస్తోంది? నెల్లూరు జిల్లా పశ్చిమాన, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో నిలబడి చూస్తే ఈ ప్రశ్నను తప్పించుకోలేం.

మెట్ట సీమలో మూడు దూరాలు

నెల్లూరు అనగానే పెన్నా డెల్టా వరి మాగాణులు కళ్లముందు మెదులుతాయి. వెలిగొండల పాదాన ఉన్న ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు మండలాలు ఆ నెల్లూరు కావు. ఇది మెట్ట సీమ. అనంతసాగరం మండలంలో సోమశిల జలాశయం ఉన్నా, ఆ నీటి మీద ప్రధానంగా బతికేది దిగువనున్న ఆయకట్టే. కలిగిరిలో, డీసీ పల్లిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. ఆ పొగాకు కొట్టే చేతులు, జామాయిల్ కర్ర నరికే చేతులు, డెల్టాకు కోతలకు వెళ్లే చేతులు ఎక్కువగా దళితులవి, యానాదులవి. 2011 జనగణన ప్రకారం అవిభక్త నెల్లూరు జిల్లా జనాభాలో ఎస్సీలు 22 శాతానికి పైగా, ఎస్టీలు దాదాపు 10 శాతం ఉన్నారు. ఆ ఎస్టీల్లో అత్యధికులు యానాదులు. దళితుల ఆలయ ప్రవేశం కోసం 1946లో నెల్లూరులో నిరాహార దీక్షకు కూర్చున్న పొట్టి శ్రీరాములు పేరే ఈ జిల్లాకు పెట్టుకున్నాం. గుడి తలుపు కోసం ఒక మనిషి ప్రాణం ఒడ్డిన చోట, చిన్న బడి తలుపు ఎవరికి ఎంత దూరంలో ఉందో కొలవాల్సిన బాధ్యత మనది.

ఇటీవల విద్యార్థులతో కలిసి ఆత్మకూరు పైభాగంలోని ఒక పంచాయతీకి వెళ్లాను. అంగన్‌వాడీ కేంద్రం ఊళ్లో, రచ్చబండకు దగ్గరగా ఉంది. దళితవాడ అక్కడికి అర కిలోమీటరు. యానాది కాలనీ చెరువు కట్ట దిగువన, దాదాపు రెండు కిలోమీటర్లు. ఊరి పిల్లలను నాయనమ్మలు చంకనెత్తుకుని తెచ్చి దింపుతున్నారు. దళితవాడ నుంచి వచ్చే వాళ్లు, పెద్ద పిల్లలు బడికి పోతూ తమ్ముడినో చెల్లెలినో వదిలి వెళ్లిన రోజున వస్తున్నారు. యానాది పిల్లలు ఒక్కరూ లేరు. కాలనీకి వెళ్లి అడిగితే ఒక తల్లి అన్న మాట ఇది: “మూడేళ్ల బిడ్డ అంత దూరం ఎట్ట నడస్తాడు సార్? పనికి పొయ్యేటప్పుడు మాతోనే ఎత్తకపోతాం. ఆ తోటలోనే ఉంటాడు.” తిరిగివచ్చి కార్యకర్తను అడిగాను. ఆమె దాచలేదు. “వాళ్లు మా రిజిస్టర్లో ఉండారు సార్, మా బడిలో లేరు” అంది.

ఈ దూరం యాదృచ్ఛికం కాదు, నిబంధనల్లోనే ఉంది. గ్రామాల్లో 400 నుంచి 800 జనాభాకు ఒక అంగన్‌వాడీ కేంద్రం, 150 నుంచి 400 వరకు మినీ కేంద్రం ఇవ్వాలన్నది కొలమానం. గిరిజన ప్రాంతాల్లో ఆ మెట్టును 300కు దించారు గాని, మినీ కేంద్రానికి అక్కడా 150 మంది ఉండాల్సిందే. పాతిక గడపల యానాది కాలనీలో వంద మందికి మించి ఉండరు. కట్టల మీద, కాలువ గట్ల మీద, తోటల అంచున చెదిరి బతకడమే వాళ్లకు చరిత్ర మిగిల్చిన స్థితి. చెదిరి ఉన్నారు కనుక లెక్కకు అందరు, లెక్కకు అందరు కనుక కేంద్రం రాదు.

సుప్రీంకోర్టు ఈ విషయాన్ని చూడకపోలేదు. ఆహార హక్కు కేసులో 2004 అక్టోబర్ 7న ఇచ్చిన ఉత్తర్వు ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నింటిలో వీలైనంత త్వరగా కేంద్రాలు పెట్టాలని చెప్పింది. 2006 డిసెంబర్ 13 నాటి ఉత్తర్వు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న ఆవాసం అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలంది. పాతిక గడపల్లో నలభై మంది పసివాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? 2023 నవంబర్‌లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం వంద జనాభా ఉన్న ఆవాసానికి కూడా అంగన్‌వాడీ ఇస్తుంది. కాని అది ‘ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల’కు మాత్రమే. నల్లమల చెంచులకు వర్తించే ఆ సడలింపు, ఆ జాబితాలో లేని నెల్లూరు యానాదులకు వర్తించదు.

సత్తుగిన్నె జ్ఞాపకం

దూరం కిలోమీటర్లలోనే ఉండదు. నేను దళితవాడ బిడ్డను. ఎనభైల్లో మా ఊరి కేంద్రానికి వెళ్లేటప్పుడు మా అమ్మ నా చేతికి సత్తుగిన్నె ఇచ్చి పంపేది. కేంద్రంలో పళ్లేలుండేవి. అవి ఎవరికోసమో నాకు తెలియదు, మా వాడ పిల్లలం మాత్రం మా గిన్నెలు మేమే తెచ్చుకోవాలి. ఉప్మా పై నుంచి పడేది. గిన్నెకు గరిటె తగలదు. అది అవమానమని ఆ వయసులో నాకు అర్థం కాలేదు. ఉప్మా అంటే పై నుంచి పడేదనే అనుకున్నాను. చిన్నతనంలో నేర్చుకున్న పాఠం అంటే ఇదే. అక్షరం రాకముందే, అంకె రాకముందే, నా చోటు ఏదో నాకు వచ్చేసింది.

గిన్నెలు ఇప్పుడు పోయాయి. పై నుంచి పోయడమూ చాలా చోట్ల పోయింది. కాని ఆయా దళితురాలైన చోట కొందరు తల్లులు పిల్లలకు ఇంటి నుంచి డబ్బా కట్టి పంపడం, గుడ్డు పచ్చిదే ఇవ్వండి ఇంట్లో ఉడకబెట్టుకుంటామని అడగడం మా విద్యార్థులు విన్నారు. మధ్యాహ్న భోజనం, రేషన్ దుకాణాల్లో కుల వివక్ష మీద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్ ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల 531 గ్రామాల్లో సర్వే చేసింది. దాని ఆధారంగా సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో ప్రచురించిన వ్యాసం ఇలాంటి రూపాలనే నమోదు చేసింది. రెండు దశాబ్దాల తర్వాత రూపం మారింది, ఆచారం పూర్తిగా చావలేదు.

అంకె వచ్చింది, చరిత్ర రాలేదు

శిశు వికాసంపై జరిగే ప్రతి సదస్సులోనూ రెండు అధ్యయనాలు వినబడతాయి. మొదటిది 1962లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటీ పట్టణంలో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం. 123 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మంచి పూర్వ ప్రాథమిక విద్య అందించి, నలభై ఏళ్లు దాటే వరకు వాళ్ల జీవితాలను గమనించారు. ఆ జట్టులో చదువు, ఆదాయం మెరుగ్గా ఉన్నాయి, జైలుపాలైన వాళ్లు తక్కువ. పసితనం మీద పెట్టిన పెట్టుబడి ఎన్నో రెట్లై తిరిగివస్తుందని నోబెల్ ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ చెప్పడానికి ఆధారం ప్రధానంగా ఇదే. రెండోది జమైకా అధ్యయనం. 1980ల చివర కింగ్‌స్టన్ పేటల్లో ఎదుగుదల గిడసబారిన 129 మంది పసిపిల్లలను తీసుకుని, వారిలో కొందరి ఇళ్లకు సామాన్య ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లారు. ఇంట్లో దొరికే వస్తువులతో బొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, ఇంటికి ఎవరూ వెళ్లని పిల్లల కంటే 25 శాతం ఎక్కువగా ఉందని 2014లో తేలింది.

ఈ లెక్కలు మన విధాన పత్రాల దాకా వచ్చాయి. ఆ పిల్లలు ఎవరన్నది రాలేదు. పెర్రీ పిల్లలందరూ నల్లజాతి పేద పిల్లలు. జమైకా పిల్లలు బానిసత్వపు వారసత్వాన్ని మోస్తున్న నగర పేదల బిడ్డలు. అంటే శిశు వికాస శాస్త్రం తన బలమైన సాక్ష్యాన్ని అణచివేతకు గురైన జాతుల పిల్లల నుంచి తీసుకుంది. మనం ఫలితాన్ని దిగుమతి చేసుకుని, జాతి అన్న ప్రశ్నను ఓడరేవులోనే వదిలేశాం. 1965లో అమెరికా హెడ్‌స్టార్ట్ పథకం ప్రారంభించినప్పుడు మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి తల్లులే కేంద్రాలు నడిపారు, వాళ్లే ఉపాధ్యాయినులయ్యారు. దాన్ని సహించలేని శ్వేతజాతి రాజకీయ నాయకత్వం ఆ నిధులు ఆపించడానికి పోరాడింది. పసిపిల్లల బడి అధికార సంబంధాలను తాకుతుందని వాళ్లకు వెంటనే అర్థమైంది. మనకు ఇంకా అర్థం కాలేదు.

మన గడ్డ మీదా పరిశోధన ఉంది. హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ చేసిన ప్రయోగంలో, 15 గ్రామాల గర్భిణులకు, పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక కొలిస్తే, మిగతా గ్రామాల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు పెరిగారు. మా సత్తుగిన్నెల్లో పడిన ఉప్మాకు అంత విలువుంది. కాబట్టి దాన్ని ఎవరు అందుకోలేకపోయారన్నది సెంటీమీటర్లలో చెప్పగలిగే అన్యాయం.

2019లో డయాన్ కోఫీ, అశ్వినీ దేశ్‌పాండే, జెఫ్రీ హామర్, డీన్ స్పియర్స్ ప్రచురించిన అధ్యయనం ఇంకా లోతుకు వెళ్లింది. కింది కులాల పిల్లల ఎత్తు తగ్గడం పేదరికంతోనే పూర్తిగా వివరించదగింది కాదని, తమకంటే పై కులాల ఇళ్లు ఎక్కువగా ఉన్న చోట బతికే పిల్లల్లో ఆ లోటు హెచ్చుగా ఉందని అది చూపింది. పొరుగు ఎవరన్నది పిల్లవాడి ఎముకల పొడవును ప్రభావితం చేస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో ఎదుగుదల గిడసబారిన పిల్లల సగటు 35.5 శాతం కాగా, ఎస్సీల్లో అది సుమారు 39, ఎస్టీల్లో సుమారు 41. ఆంధ్రప్రదేశ్ సగటు 31.2. ఆ సగటు చూసి సంతృప్తి పడేవారు, ఏ కాలనీ పిల్లలు దాని కింద పడిపోయారో చెప్పగలగాలి. ప్రజలకు కనబడే పట్టికల్లో జిల్లా సగటు ఉంటుంది, చెరువు కట్ట కింది కాలనీ సగటు ఉండదు.

పంటి మీద రాసిన చరిత్ర

ఈ సీమకు ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్యులు నమోదు చేసింది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే. దాదాపు తొమ్మిది దశాబ్దాలైనా ఉదయగిరి పరిసర మండలాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మాట నేటికీ వినబడుతోంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అది హాని. ఏడెనిమిదేళ్ల పిల్లవాడి పళ్ల మీద కనిపించే గోధుమ మచ్చలు ఆ వయసులో వచ్చినవి కావు, చిగురు కింద పళ్లు రూపుదిద్దుకునే పసితనంలో తాగిన నీళ్లు అప్పుడే వేసిన ముద్రలవి. తిండిలో కాల్షియం తక్కువైతే ఆ హాని పెరుగుతుంది. శుద్ధి చేసిన నీళ్ల క్యాను కొనగలిగిన ఇల్లు ఒకటి, బోరు నీళ్లే దిక్కైన ఇల్లు ఇంకొకటి. అంగన్‌వాడీ పాలు, గుడ్డు ఎవరికి అత్యవసరమో ఆ పిల్లలే కేంద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. ఇక్కడ పనిచేసే కార్యకర్తకు ఫ్లోరైడ్ గురించిన ఒక పేజీ, మెదడు ఎదుగుదల గురించిన పది పేజీలకు సమానం.

కార్యకర్త చేతిలో ఏముంది?

2020 జాతీయ విద్యా విధానం అంగన్‌వాడీ కార్యకర్తను పూర్వ ప్రాథమిక విద్యకు పునాదిగా గుర్తించి, ఇంటర్ చదివిన వారికి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివిన వారికి ఏడాది డిప్లొమా ప్రతిపాదించింది. 2023లో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ శిక్షణ, 2024లో మూడేళ్లలోపు వారికి ‘నవచేతన’, మూడు నుంచి ఆరేళ్ల వారికి ‘ఆధారశిల’ పుస్తకాలు వచ్చాయి. వీటిలో మంచి ఆటలున్నాయి, మంచి పాటలున్నాయి. మేము మాట్లాడిన కార్యకర్తలు వాటిని ఇష్టంగానే వాడుతున్నారు. అయితే ఒక తల్లి వచ్చి ‘మా పాపను ఆ పిల్ల పక్కన కూర్చోబెట్టొద్దు’ అంటే ఏమి చెప్పాలన్నది శిక్షణలో చర్చకు వచ్చిందని వారిలో ఒక్కరూ చెప్పలేదు. ఎరుకల ఇంట్లో వేరే భాష, సుగాలి తండాలో వేరే భాష, ఉదయగిరి ముస్లిం ఇళ్లలో ఉర్దూ. యానాది బిడ్డ తెలుగు పుస్తకం తెలుగు కాదు. ఆ బిడ్డ నోరు విప్పగానే ‘అట్ట కాదు, ఇట్ట’ అని దిద్దితే మర్నాటి నుంచి నోరు విప్పడు. మూడేళ్ల బిడ్డ మాటను ఎలా ఆదరించాలన్నది ఒక నైపుణ్యం. దాన్ని నేర్పకుండా కార్యకర్తను నిందించడం అన్యాయం.

ఆమె స్థితి ఏమిటి? రాష్ట్రంలో కార్యకర్తకు 2019 నుంచి నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. అది జీతం కాదు, గౌరవ వేతనమట. వేతన పెంపు కోసం 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే, ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. సేవ అత్యవసరమైనప్పుడు సేవకురాలు ఉద్యోగి ఎందుకు కాదు? 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పాల్సి వచ్చింది. పైగా 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే సరుకులకు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. ఆధార్ లేని, ఫోన్ లేని, నెలలో సగం రోజులు తోటల్లో ఉండే యానాది తల్లి ముఖాన్ని ఆ యాప్ గుర్తించదు. పిల్లలతో ఆడాల్సిన సమయం నెట్‌వర్క్ కోసం ఎదురుచూడటంలో కరిగిపోతోంది. తమిళనాడులో 320 కేంద్రాల్లో అదనంగా ఒక సగం పూట కార్యకర్తను నియమిస్తే బోధన సమయం రెట్టింపైందని కార్తీక్ మురళీధరన్ బృందం చూపింది. ఆమెకు కావలసింది ఇంకో యాప్ కాదు, ఇంకో మనిషి.

చేయదగినవి

వయసు ఆరేళ్లు నిండని పిల్లలకు మన రాజ్యాంగంలో చదువు ప్రాథమిక హక్కు కాదు. 1993లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు అందరు పిల్లలకూ ఆ హక్కు ఉందంది. 2002లో 86వ సవరణ దాన్ని ఆరు నుంచి పద్నాలుగుకు కుదించి, ఆరేళ్లలోపు వారిని ఆదేశిక సూత్రాల్లోకి నెట్టింది. ఆ పిల్లలను తిరిగి హక్కులోకి తేవడం రాజకీయ పోరాటం. అది సాగుతుండగానే ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో వెంటనే చేయగలిగినవి ఉన్నాయి.

ఆవాసాల వారీగా, కులాల వారీగా ఆరేళ్లలోపు పిల్లల హాజరు, ఎత్తు, బరువు వివరాలను గ్రామసభ ముందు పెట్టాలి. వంద జనాభా సడలింపును యానాది ఆవాసాలకు రాష్ట్రమే తన నిధులతో వర్తింపజేయాలి. అదీ కుదరని చోట, ఆ కాలనీ మహిళనే నియమించి, వారంలో కొన్ని రోజులు ముంగిట్లోనే బడి నడపాలి. జమైకాలో పని చేసింది ఇదే, బోర్డీలో పని చేసిందీ ఇదే. పొగాకు పనుల కాలంలో కేంద్రం వేళలు తల్లి కూలి వేళలతో కలవాలి. ప్రతి కేంద్రం నీటిని పరీక్షించి ఫలితాన్ని గోడ మీద రాయాలి. శిక్షణలో అంటరానితనం మీద, ఇంటి భాష మీద ఒక్కొక్క పూర్తి రోజు ఉండాలి. విశ్వవిద్యాలయాల్లో మేమూ తప్పించుకోలేం. ఈ ప్రాంతపు పాటలు, పొడుపు కథలు, యానాదుల చెట్టు పేర్లు, పిట్ట పేర్లు సేకరించి కార్యకర్తల చేతిలో పెట్టడం మా పని. కొండ కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే ఉదయగిరి మహిళలకు అంగన్‌వాడీ బొమ్మల తయారీ అప్పగిస్తే, పిల్లలకు బొమ్మ, తల్లులకు పని రెండూ దక్కుతాయి.

ఇది సాధ్యమా అని సందేహించేవారికి ఈ సీమే జవాబు చెబుతుంది. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాస్యత ఉద్యమ కాలంలో రాత్రి బడి పాఠం చదివిన ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు 1992లో జిల్లాకు, తర్వాత రాష్ట్రానికి పాకి 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా తీసుకెళ్లింది. ఆ పాఠం వాళ్ల బతుకును దాచకుండా రాసింది కనుకనే వాళ్లు దాన్ని తమదిగా చేసుకున్నారు. అంగన్‌వాడీ కార్యకర్త చేతిలో పెట్టే పుస్తకం కూడా ఊరిని ఊరుగా, వాడను వాడగా, గిన్నెను గిన్నెగా చూపాలి. అప్పుడు చెరువు కట్ట కింది కాలనీ తల్లి ‘మా ముంగిట బడి ఏది?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడిగే రోజు కోసం ఎదురుచూడకుండా, మనమే ముందుగా వెళ్లి ఆ ముంగిట్లో చాప పరచడం మేలు.